బావగారి బండి చప్పుడు

మా మేడమెట్ల కింద ఆరేళ్లపాటు ఒక మోటారు సైకిలు చచ్చి పడి ఉంది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. కరెంటు బిల్లు ఇచ్చే మనిషికి తెలుసు, గ్యాసు బండ తెచ్చే అతనికి తెలుసు, భవానీపురంలో ఉన్న ఎలుకలన్నిటికీ మరీ బాగా తెలుసు. తెలియనివారు ఒక్కరే, దాని యజమాని.

ఆయన మా ఆవిడకు అన్నగారు, నాకు బావగారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ బండి మీదే హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ, కాలవగట్లన్నీ తిరిగారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో పుట్టిన ప్రతి దూడా కళ్లు తెరవగానే ముందు చూసింది తల్లిని కాదు, ఆ బండి హెడ్‌లైటుని. పాతకాలపు రెండు స్ట్రోకుల బండి అది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తేగాని నడవదు, వీధి మొత్తానికి నీలం పొగ పట్టిస్తేగాని కదలదు.

రిటైరయ్యాక ఆయనకు హైదరాబాదులో కోళ్లదాణా తయారుచేసే చోట ఉద్యోగం దొరికింది. అక్కడ అద్దెకు తీసుకున్న ఫ్లాటులో మనుషులకే చోటు చాలదు, ఇక బండికెక్కడిది. తెచ్చి మాకు అప్పగించారు.

"బావా, దీన్ని నువ్వు తోలక్కర్లేదు. వారానికి ఒక్కసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు తిరగనియ్యి, చాలు. నిన్ను ఇంకేమీ అడగను," అన్నారు. తాళం నా చేతిలో పెట్టి, నా పిడికిలి మూసి, దాన్ని తన రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చెల్లెల్ని నాకిచ్చి పెళ్లి చేసినప్పుడు కూడా నా చెయ్యి అంతసేపు పట్టుకోలేదు.

ఇంకేమీ అడగనన్న మనిషి ఇంకొకటి అడిగారు. ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకు, మేం చర్చిలో పూజకు బయల్దేరే ముందు, ఆయన ఫోను చేస్తారు. నేను బండి స్టార్ట్ చేసి ఫోను సైలెన్సరు దగ్గర పట్టుకోవాలి. ఆయన వింటారు. కళ్లు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి వింటారని ఆయన భార్య చెప్పేది.

మొదటి రెండు ఆదివారాలూ నిజాయితీగా వినిపించాను. మూడో ఆదివారం కిక్కు కొడితే అది ఎదురు తన్నింది. నా చీలమండ గుమ్మడికాయంత వాచింది. దగ్గర్లోని డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు గానీ, ఆ ఎక్స్‌రేలో నాకు మాత్రం నా భవిష్యత్తు మొత్తం కనిపించింది. నాలుగో ఆదివారం కాలికి కట్టు కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఆరున్నరకు ఫోను మోగింది. సరిగ్గా అప్పుడే మా పాలాయన వచ్చి గేటు ముందు ఆగాడు. ఆయన ఇబ్రహీంపట్నం వైపు నుంచి, రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడదీసుకుని, అచ్చంగా అలాంటి రెండు స్ట్రోకుల బండి మీదే వస్తాడు. ఇంజను ఆపకుండానే పాలు కొలిచి పోస్తాడు.

నేను చేసిన పని చాలా చిన్నది. చెయ్యి చాపాను. ఫోను ఉన్న చెయ్యి.

"భేషుగ్గా ఉంది బావా," అన్నారు అవతల నుంచి.

అలా మొదలైంది. కాలు వారంలో తగ్గింది, అబద్ధం ఆరేళ్లు తగ్గలేదు. నేను దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ని. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని, ఎవరి స్థలానికి తూర్పున ఏముందో, పడమర ఏముందో రాసి పెడతాను. కాగితం మీద ఒక్క అంగుళం తేడా రాయడానికి జంకే మనిషిని. ఫోనులో మాత్రం ఎకరాలకు ఎకరాలు రాసిచ్చేశాను.

బావగారి చెవి మామూలు చెవి కాదు. గేదె కడుపు మీద చెయ్యి పెట్టకుండా, ఆమడ దూరం నుంచి దాని మూలుగు విని జబ్బు చెప్పే చెవి. రెండో నెలలోనే, "సైలెన్సరు దగ్గర ఏదో లీకవుతోంది బావా, ఒకసారి చూపించు," అన్నారు. పాలాయన సైలెన్సరుకు రూపాయి బిళ్లంత కన్నం ఉంది మరి.

"అలాగేనండి," అన్నాను.

పై వారం, "తగ్గలేదేం?" అన్నారు.

"బండి మేస్త్రి ఊళ్లో లేడండి," అన్నాను.

ఆటోనగర్ ఉన్న విజయవాడలో ఆరేళ్లపాటు ఒక్క మేస్త్రీ దొరకలేదని చెప్పి ఒప్పించిన మొనగాణ్ని నేను. ఈ మధ్యలో ఆయన రెండుసార్లు మా ఇంటికి వచ్చారు, రెండుసార్లూ పెళ్లిళ్ల హడావుడిలో, రైలు టైము చూసుకుంటూ. మొదటిసారి బండి కడగడానికిచ్చానన్నాను. అది టార్పాలిన్ పట్టా కింద, మా వెనకే, పాత పరుపు చుట్టలాగా నిలబడి ఉంది. రెండోసారి దేవుడు నా పక్షాన ఉండి, మెట్ల కింద తొంగిచూసే వీల్లేకుండా కుండపోతగా వాన కురిపించాడు.

ఆ దేవుడే తర్వాత బుడమేరుకు వరద తెప్పించాడు. మా వీధిలోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. మేం మేడ మీద కూర్చుని, పాల ప్యాకెట్ల కోసం పడవలకేసి చేతులూపుతుంటే, మెట్ల కింద బావగారి బండి అద్దాలు రెండూ పట్టాను పొడుచుకుని నీళ్లపైకి తేలి, గేదె కొమ్ముల్లాగా కనిపించేవి. ఫోన్లు పనిచేయడం మొదలుపెట్టగానే ఆయన చేశారు. అందరూ క్షేమమేనా అని అడిగారు. ఆ తర్వాత, "మరి బండి?" అన్నారు.

"మీ బండా? నలుగురం పట్టి మేడ మీదికి ఎక్కించామండి," అన్నాను.

అవతల ఏదో గరగరమంది. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. ఆయన ఏడుస్తున్నారు. "నా బండి కోసం ఇంత కష్టపడ్డావా బావా," అన్నారు. మా ఆవిడ పక్కనే కూర్చుని చపాతీ తుంచుతోంది. నావైపు చూసిన చూపుకు ఆ వరదనీళ్లన్నీ ఇగిరిపోవలసింది.

ఆ రోజు నుంచీ నాకు ఆదివారం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. క్రిస్మసుకు ముందు పాపసంకీర్తనానికి వెళ్లి మోకాళ్ల మీద ఉండి మా చర్చి ఫాదరుగారికి అన్నీ చెప్పుకున్నాను. కోపం చెప్పాను, బద్ధకం చెప్పాను, మాంసం ముట్టకూడని శుక్రవారం తిన్న కోడిపలావు కూడా చెప్పాను. బండి సంగతి మాత్రం దాటేశాను. పది ఆజ్ఞల్లో పొరుగువాడికి అబద్ధం చెప్పకూడదన్నారు గాని బావమరుదుల ప్రస్తావన లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఈ పాయింటు మా ఆవిడకు చెబితే, "దస్తావేజులో రాసుకోండి," అంది.

జనవరిలో ఒక ఆదివారం, పాలాయన బండి విన్న తర్వాత, బావగారు మామూలుగా పెట్టేయలేదు.

"బావా, ఉద్యోగం మానేస్తున్నా. హనుమాన్ జంక్షన్‌లోనే దాణా కొట్టు పెట్టుకుంటా. గుణదల తిరునాళ్ల మొదటిరోజు పొద్దున్నే రైలు దిగి నేరుగా మీ ఇంటికొస్తా. నా బండి మీద చెల్లిని ఎక్కించుకుని మేరీమాత దగ్గరికి వెళ్తా. ఒక వస్తువు నమ్మి ఎవరి చేతుల్లోనైనా పెట్టాలంటే, నాకు నీ తర్వాతే ఎవరైనా."

ఫోను పెట్టేశాక గోడ మీది క్యాలెండరులో రోజులు లెక్కపెట్టాను. ఇరవై రెండు రోజులున్నాయి.

మా ఆవిడ కేకలేమీ వేయలేదు. అదే భయం. "అన్నయ్య ఈ లోకంలో నమ్మింది మిమ్మల్నొక్కర్నే. మీరు చేసింది తెలిస్తే ఆయన మిమ్మల్ని ఒక్కమాట అనడు. మన గుమ్మం తొక్కడు, అంతే. అప్పుడు మీరా బండి ఉన్న చోటే, ఆ మెట్ల కిందే పడుకుందురుగాని," అంది.

పట్టా తీశాను. సీటులో ఎలుకలు ఐదు తరాలుగా కాపురం చేస్తున్నాయి. ట్యాంకు మూత తెరిస్తే లోపలి పెట్రోలు బెల్లం పాకంలాగా అడుగున అంటుకుని, ముక్కు అదిరిపోయే వాసన కొట్టింది. గొలుసు తుప్పుపట్టి ఇనప కడ్డీ అయింది. టైర్లు వేసవిలో చెరువు నేలలాగా నెర్రెలిచ్చాయి. కిక్కు మీద కాలు పెట్టి నా బరువంతా మోపాను. అది ఒక్క వెంట్రుక వాసి కదల్లేదు. నేనే కిక్కు మీద, కొయ్యగుర్రమెక్కినవాడిలా నిలబడిపోయాను.

ట్రాలీ ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్లాను. మొదటి షెడ్డులో, "రెండు స్ట్రోకులా, మాకు రాదండి," అన్నారు. రెండో షెడ్డులో బండి వైపు చూసి, ఆ తర్వాత నా వైపు జాలిగా చూసి, పాత ఇనుము కొనేవాళ్ల వీధి చూపించారు. నాలుగో షెడ్డులో, కళ్లజోడుకు దారం కట్టుకున్న ఒక పెద్దాయన బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చెయ్యి వేయలేదు.

"చివరిసారి ఎప్పుడు నడిచింది?" అన్నాడు.

"నిన్నటిదాకా నడిచిందండి," అన్నాను. అలవాటైపోయింది.

ఆయన కూర్చుని, ఇంజను అడుగున ఒక బోల్టు విప్పాడు. నల్లమట్టి జారి ఆయన అరచేతిలో పడింది. దాన్ని నా కళ్లముందు పెట్టి, "నిన్నటిదాకా పడవలాగా నడిచినట్టుందండి," అన్నాడు.

ఆయనొక్కడికే నిజం చెప్పాను. అదీ సగం. బండి మా బావగారిదని చెప్పలేదు, నాదేనన్నాను. తిరునాళ్లకు ఈ బండి కదలకపోతే మా ఇంట్లో అనర్థం జరిగిపోతుందని మాత్రం చెప్పాను.

"తొందరపెడితే పిస్టను విరుగుద్ది. మీ ఇష్టం," అన్నాడు మేస్త్రి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలు పోసి, గుడ్డ కుక్కి, "నాలుగు రోజులు నాననివ్వాలి," అన్నాడు.

నాలుగు రోజులు. మినప్పప్పు కూడా అంతసేపు నానదు. నేను రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఆటోనగర్ పోయి, ఐ.సి.యు. బయట బంధువులు నిలబడ్డట్టు నిలబడేవాణ్ని. నాలుగో రోజు ఆయన సుత్తితో కాదు, ఒక చెక్కముక్కతో పిస్టన్ని నెమ్మదిగా తట్టాడు. అది మిల్లీమీటరు కదిలింది. నా గుండె అడుగు కదిలింది. సిలిండరు లోపల చెక్కించడానికి బోరింగుకు వెళ్లింది. కొత్త పిస్టను, కొత్త రింగులు, బేరింగులు, సీళ్లు, ప్లేట్లు వచ్చాయి. కొన్ని సామాన్లు దొరకక, పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర ఆయనే వెతికి తెచ్చాడు. సైలెన్సరు విప్పి, లోపల ఏళ్ల తరబడి పేరుకున్న మసిని కాల్చి, కడిగి, ఆరబెట్టాడు. ఈలోగా మధ్యలో వచ్చిన ఆదివారాల్లో పాలాయన బండి యథాప్రకారం హైదరాబాదుకు వినిపించింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం బండి నిలబడింది. మేస్త్రి పక్కకు జరిగి, "కొట్టండి. పాడుచేసిన కాలే కొట్టాలి," అన్నాడు.

చీలమండను ఒకసారి తడుముకుని కొట్టాను. పదకొండో కిక్కుకు ఆ వీధి వీధంతా నీలం పొగ కమ్ముకుంది. పొగలోంచి చప్పుడు వచ్చింది. ఎంత మెత్తగా, నిండుగా వచ్చిందంటే మేస్త్రి దారం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనూ మురిసిపోయాను. మురిసిపోయే ముందు కాస్త ఆలోచించవలసింది.

నేను తాళం తీసుకోబోతే ఆయన ఒక బరువైన ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టాడు.

"పాత సామానండి. యజమాని చేతికి ఇవ్వందే నా షెడ్డులోంచి బండి వెళ్లదు. మా గురువు నేర్పిన పద్ధతి. రేపెవరన్నా మేస్త్రి మంచి సామాను కొట్టేశాడంటే, నాకు సాక్ష్యం ఇదొక్కటే." సంచి విప్పి ఒక్కొక్కటీ పేరు చెప్పి చూపించాడు. తుప్పుపట్టిన పిస్టను, ముక్కలైన రింగులు, మట్టి గట్టిపడిన బేరింగులు. వరద మొత్తం ఆ సంచిలో ఉంది. "రేపు పొద్దున్నే మీ ఇంటికొచ్చి చల్లటి ఇంజను మీద కార్బొరేటరు సరిచేసి పోతాను. అప్పటిదాకా పని అవలేదన్నట్టే."

"అక్కర్లేదండి, మీరు శ్రమపడకండి," అన్నాను.

"శ్రమేముంది," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ సంచి పట్టుకుని గదులన్నీ తిరిగాను. మంచం కింద బావగారు సూట్‌కేసు పెడతారు. మెట్ల కింద ఆయన వెతక్కుండా ఉండరు. అటక మీద పెట్టబోతే నిచ్చెన చప్పుడుకు మా ఆవిడ లేచి వస్తుంది. చివరికి బియ్యం డబ్బా మూత తీసి, పాతిక కిలోల కొత్త బియ్యంలో మోచేతి దాకా గొయ్యి తవ్వి పాతిపెట్టాను. శవాన్ని దాచిన హంతకుడు కూడా ఆ రాత్రి నాకంటే హాయిగా పడుకుని ఉంటాడు.

తెల్లవారి ఆరింటికి బావగారు ఆటో దిగారు. తెల్ల చొక్కా, మెడలో జపమాల. నన్ను కౌగలించుకున్నారు. ఆయన వెనకాలే, పది నిమిషాల్లో, స్పానర్ల సంచీతో మేస్త్రి దిగాడు.

"మామూలు సర్వీసు చేయించానండి, తిరునాళ్లని," అన్నాను ఇద్దరికీ వినపడీ వినపడనట్టు.

బావగారు బండి మీద చెయ్యి వేసి, ట్యాంకు నిమిరి, కిక్కు కొట్టారు. నాలుగో కిక్కుకే స్టార్టయింది. ఆయన కళ్లు మూసుకున్నారు. అప్పుడు, సరిగ్గా అప్పుడు నాకు అర్థమైంది నేను చేసిన తప్పేమిటో. మా ఆవిడ పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకీ అర్థమైంది.

ఆయన కళ్లు తెరిచారు. "ఇది నా బండి కాదు," అన్నారు.

"ఇంజను నంబరు చూసుకోండి సార్," అన్నాడు మేస్త్రి.

బావగారు వంగి, వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివారు. "నంబరు నాదే. లోపలిది నాది కాదు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం వింటున్నా. నిన్న ఆదివారం కూడా విన్నా. నా బండి గొంతు నాకు తెలీదా? ఏమయ్యా, మామూలు సర్వీసుకిస్తే ఇంజను సామాను మార్చేస్తావా నువ్వు?"

మేస్త్రి నా వైపు చూశాడు. యజమాని నేను కాదని ఆయనకప్పుడే తెలిసింది. "మార్చానండి. మార్చినవన్నీ సంచిలో పెట్టి ఈయన చేతికే ఇచ్చాను. అడగండి."

"ఇచ్చాడా బావా?"

"సంచా," అన్నాను. "సంచంటే..."

వీధి మలుపులో ఫట్‌ఫట్‌మని మోత వినిపించింది. బావగారి చూపుడువేలు దానంతటదే లేచింది. "అదీ. అదీ నా బండి," అన్నారు. పాలాయన వచ్చి, ఎప్పటిలాగే గేటు ముందు, ఎప్పటిలాగే బండి ఆపకుండా నిలబడ్డాడు. బావగారు ఒక్క అంగలో వెళ్లి హ్యాండిలు పట్టుకున్నారు.

"ఈ ఇంజను ఎక్కడ కొన్నావు? ఆటోనగర్లోనేనా?"

"కొనడమేంటండీ. మా మావయ్య ఇచ్చిన బండి," అన్నాడు పాలాయన బిత్తరపోయి.

"చూశావా బావా. నా సామాను వీడికి అమ్మేశాడు, అది మన గుమ్మం ముందుకే పాలు పోయడానికొస్తోంది. స్టేషనుకు ఫోన్ చెయ్యి," అన్నారు బావగారు.

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీసి ఆయిలు గుడ్డతోనే తుడుస్తున్నాడు, అద్దాలు ఇంకా మసకైపోతున్నాయి. "పని నేర్చుకున్న కాణ్నించి ఈ మాట పడలేదు. ఆ సంచి తెప్పించండి సార్. అంతే," అన్నాడు. స్పానర్ల సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

నలుగురూ నన్నే చూస్తున్నారు. "సంచీ ఏమీ ఇవ్వలేదండి" అనే వాక్యం నా నాలుక మీదికి వచ్చి చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడింది. ఒక్కసారి వదిలితే చాలు. మేస్త్రి వెళ్లిపోతాడు, నేను బావగారి బంగారు బావగా మిగిలిపోతాను.

లోపలికి వెళ్లాను. బియ్యం డబ్బాలో రెండు చేతులూ పెట్టి తవ్వాను. వంటిల్లంతా బియ్యం చిందింది. సంచి తెచ్చి వరండాలో గుమ్మరించాను. పిస్టనూ, రింగులూ, బేరింగులూ బియ్యపు గింజలు అంటుకుని దొర్లాయి.

బావగారు పిస్టను చేతిలోకి తీసుకున్నారు. చచ్చిన పశువును కోసి చూసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు, ఒకసారి చూశాను. గోటితో మట్టి గీకి వాసన చూశారు.

"ఇది వరద మట్టి."

"అవునండి."

"మేడ మీదికి ఎక్కించామన్నావు."

"ఎక్కించలేదండి. నీళ్లలోనే ఉంది."

"మరి ఆదివారాలు నేను విన్నది?"

"పాలాయన బండండి. మొదటి రెండువారాలూ తప్ప మొత్తం పాలాయన బండేనండి."

పాలాయన కంగారుగా, "నాకేం తెలీదండీ, ఆదివారం ఒక్క నిమిషం మోత పెట్టమంటే పెట్టాను. బావగారికి వినడం సరదా అన్నారు," అన్నాడు.

బావగారు ఆయన హ్యాండిలు వదిలేశారు. "నీ సైలెన్సరు లీకవుతోందయ్యా," అన్నారు మెల్లగా.

"ఎప్పటినుంచో తెలుసండీ," అన్నాడు పాలాయన.

తర్వాత బావగారు మేస్త్రి పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఆయన మసి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు. "అనకూడని మాట అన్నాను మేస్త్రి గారూ. మన్నించాలి." తాళం ఇచ్చిన రోజు నా చెయ్యి పట్టుకున్న దానికంటే ఎక్కువసేపు పట్టుకున్నారు.

"మాటదేముంది సార్," అన్నాడు మేస్త్రి స్పానరు తీసుకుని. "కొంచెం పక్కకి జరగండి, కార్బొరేటరు చూడాలి."

బావగారు చెల్లెల్ని వెనక ఎక్కించుకుని గుణదల వెళ్లిపోయారు. ఎక్కేముందు మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది. మంచిమాటేదో చెబుతుందనుకున్నాను. "బియ్యమంతా డీజిలు వాసనొస్తోంది," అంది.

నేను సిటీబస్సులో, కొబ్బరికాయలు పట్టుకున్న జనం మధ్య ఒంటికాలి మీద నిలబడి గుణదల చేరాను. కొండ మెట్ల మీద వాళ్లకు ఇరవై మెట్లు వెనకగా ఎక్కాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ సాయంత్రం బండి వేసుకుని జంక్షన్‌కు వెళ్లిపోయారు. పై ఆదివారం ఆరున్నరకు ఫోను మోగలేదు. నేను దాని ముందే కూర్చున్నాను. పూజకు ఆలస్యమైంది. ఆ తర్వాతి ఆదివారమూ మోగలేదు. ఇన్నేళ్లుగా ఏ మోతకు భయపడి చచ్చానో అది ఆగిపోతే ఇంకా భయమేసింది.

మూడోవారం మా ఆవిడ ఫోనుకు కబురొచ్చింది, నాకు కాదు. "మీ ఆయన్ని ఆదివారం పూజయ్యాక జంక్షన్‌కి రమ్మను. వారానికోసారి బండి స్టార్ట్ చేస్తానని నాకు మాటిచ్చాడు. ఆరేళ్ల బాకీ ఉంది. నా కళ్లముందు చెయ్యమను."

వెళ్లాను. అప్పటినుంచీ వెళ్తున్నాను. బస్సు దిగి దాణా కొట్టు దాకా నడిచేసరికి బండి నీడలో నిలబెట్టి ఉంటుంది, పక్కన కుర్చీలో ఆయన కూర్చుని ఉంటారు. నేను కొడతాను. ఆయన వింటారు. ఐదు నిమిషాలు తిరిగాక, "కాఫీ తాగి వెళ్లు," అంటారు. కిక్కుకూ కిక్కుకూ మధ్య ఆయన ముఖం వైపు చూసే ధైర్యం నాకింకా రాలేదు.

మొన్న ఏప్రిల్లో ఒక ఆదివారం ఒళ్లు కాలిపోయి లేవలేకపోయాను. జ్వరమని మా ఆవిడ చేత చెప్పించాను. "ఓహో, జ్వరమా," అన్నారట అవతల నుంచి. అంతే. గంటన్నర తర్వాత మా గేటు ముందు మెత్తటి చప్పుడు ఆగింది. ఎండలో నలభై కిలోమీటర్లు తోలుకొచ్చి, చెమటలు కారుతూ నా మంచం పక్కన నిలబడ్డారు. చేతిలో పశువుల థర్మామీటరు ఉంది. జానెడు పొడుగుంది. దాన్ని గేదెలకు ఎక్కడ పెడతారో నాకు తెలుసు కాబట్టి దుప్పటి మెడదాకా లాక్కున్నాను.

"కొత్తదే. చంకలో పెట్టుకో," అన్నారు.

పెట్టుకున్నాను. ఆయన గడియారం చూస్తూ నిలబడ్డారు. తీసి వెలుగులో పట్టుకుని చూశారు. విదిలించి, మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. ఇంకోసారి చూశారు. నిజంగా జ్వరం వచ్చినవాడికి, జ్వరం లేదని తేలుతుందేమోనన్న భయంతో చెమటలు పట్టడం ఆ రోజే తెలిసింది నాకు.

"నూట రెండుంది," అన్నారు చెల్లెలితో. ఆ తర్వాత నా పక్కనే మంచం మీద కూర్చుని, "నిజమే చెప్పావు బావా," అన్నారు.